తంబూ అని పిలిచావు

హోహోలా, పోర్ట్ మోర్స్‌బీ
మే నెల

అన్నయ్యా,

నువ్వు క్షేమంగా లాయే చేరావని అమ్మ కబురు పంపింది. నీ క్షేమం నీ నోటితో వినే అదృష్టం నాకు లేకపోయింది. ఆదివారం రాత్రంతా ఆస్పత్రి వసారాలో వక్క నములుతూ కూచున్నావు. సోమవారం విమానం ఎక్కేశావు. వార్డు తలుపు దాటి ఒక్కసారి లోపలికి రాలేదు. రంపం మిల్లులో నువ్వు లేకపోతే చెట్లు వాటంతటవే మళ్ళీ మొలుస్తాయా?

గవేర ఇంకా మంచం మీదే ఉన్నాడు. నా మొగుడి పేరు గవేర. నీకు గుర్తు చేద్దామని రాస్తున్నాను. ఎడమకాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఎముక బయటికొచ్చింది కనుక కాలు ఉంటుందో ఊడుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. బస్సు నడిపేవాడికి ఎడమకాలు లేకపోతే ఏం మిగులుతుందో నీకు చెప్పక్కర్లేదు.

"మోర్స్‌బీ మోర్స్‌బీ అంటావు, దుమ్ము తప్ప ఏం చూపించావే? కొండలకి పోదాం పద" అని గోల చేసింది నువ్వు. గవేర తన ఒక్క సెలవు రోజునీ నీకోసం పెట్టి, స్నేహితుడి ట్రక్కు అడిగి తెచ్చాడు. సొగేరి కొండ దారిలో చలి వేస్తోందని తన చొక్కా విప్పి నీకిచ్చాడు. కొబ్బరిపాలలో వండిన ఆకుకూర నీకు ఇష్టమని వాళ్ళమ్మని తెల్లారకముందే లేపాడు. అవన్నీ నీకు గుర్తున్నాయా?

కొండ అంచున బండ మీద నేను కెమెరా కంటికి పెట్టుకుని ఉన్నాను. నాకు గవేరా, వాడి వెనకాల మబ్బూ తప్ప ఏమీ కనపడలేదు. అప్పుడు నీ కేక వినపడింది. "తంబూ! తంబూ!" అని, బావా బావా అని పిలిచినట్టే. గవేర నవ్వాడు, చెయ్యెత్తాడు. "ఏంటి తంబూ, నువ్వూ ఫోటోలో పడతావా? రా, రా!" అన్నాడు. నీకు చోటివ్వడానికి ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

బండ అంచు నీకు కనపడుతోంది. "గవేరా, ఆగు" అనడానికి నీకేం రోగం వచ్చింది?

తబిత

*

లాయే
మే నెల

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. మీ ఆయన త్వరగా కోలుకోవాలని మా గుడిలో ప్రార్థన చేయించాను.

నేను పిలిచానని రాశావు. నేను పిలవలేదు, ఆపాను. తంబు అంటే బావ ఒక్కటేనా? ముట్టుకోవద్దు, దాటొద్దు, ఆగు అన్నా తంబే కదా. చేపలు పెరగాలని సముద్రంలో దిబ్బమీద కొబ్బరాకు కట్టి, ఇటు వల వేయకూడదంటే దాన్నేమంటాం? తంబు అంటాం. చచ్చినవాడి తోటలో కాయ కోయకూడదంటే ఏమంటాం? అదే కదా. వద్దు వద్దు అని అరిచాను. నా గొంతు చించుకుని అరిచాను. అది బావా అని వినపడితే నేనేం చెయ్యను?

పేరు సంగతి నువ్వు నాకు నేర్పుతున్నావా? ఒక్క కడుపున పుట్టాం. చెల్లెలి మొగుడి పేరు ఎత్తకూడదని నాకు ఎంత తెలుసో నీకూ అంతే తెలుసు. ఆ పేరు పలికినవాడు పంది కోసి ఊరికంతా పెట్టేదాకా వాడితో కలిసి ఎవరూ తినరు. మన చిన్నాన్న మామగారి పేరున్న చేపని జన్మలో పేరుతో అడగలేదు, "ఆ చారలది ఇయ్యి" అనేవాడు. నువ్వే వెనకాల వెక్కిరించేదానివి.

ఆ బండ మీద పదిమంది ఉన్నారు. "ఓయ్" అంటే పదిమందీ తిరిగేవారు. నా నోటికి ఉన్న మాట అదొక్కటే. అదే అరిచాను.

వార్డులోకి ఎందుకు రాలేదంటే, వచ్చి ఏమని పలకరించను?

యాకమ్

*

హోహోలా
జూన్ నెల

యాకమ్ గారికి,

గుడిలో ప్రార్థన చేయించారట. చాలా సంతోషం. ప్రార్థనలో ఏ పేరు చెప్పారు? "మా చెల్లెలి మొగుణ్ణి చూడు తండ్రీ" అంటే దేవుడికి అర్థమైందా, లేక ఆయన కూడా పదిమందిలో వెతుక్కుంటున్నాడా?

తంబు అంటే వద్దు అని నాకు పాఠం చెప్పకు. నాకు తెలుసు. గవేరకి ఎలా తెలుస్తుంది? వాడు మోటు అనే తెగవాడు. ఈ ఊరి సముద్రం మీద, కర్రల మీద నిలబెట్టిన ఇంట్లో పుట్టాడు. వాడి భాష వేరు, వాడి "వద్దు" వేరు. మన మాటలు వాడు మన ఇంట్లోనే నేర్చుకున్నాడు. పెళ్ళిరోజు నువ్వు వాణ్ణి వాటేసుకుని, వీపు మీద దబదబా చరిచి, "ఇవాళ్టినుంచి నువ్వు నా తంబువి" అన్నావు. వాడికి తెలిసిన తంబు అదొక్కటే. ఆ మాట వినపడితే వాడి ముఖం వెలిగిపోయేది. ఆ రోజూ అలాగే వెలిగింది, నేను కెమెరాలోంచి చూశాను.

మా అత్త ఊరుకోవడం లేదు. "మీ అన్న నా కొడుకుని అంచుకి పిలిచాడు. నోరారా పిలిచాడు. అందరూ విన్నారు" అంటోంది. అందరూ విన్నదీ నిజమే. నేను మన పద్ధతి చెప్పాను. "పేరు పలకలేడు అత్తా, పుట్టినప్పటినుంచీ కట్టేసిన నోరది, కావాలన్నా రాదు" అన్నాను. "ప్రాణం పోతుంటే కూడానా?" అంది. "అప్పుడు కూడా రాదు" అన్నాను. నీ తరఫున నా మొగుడి తల్లితో నేను పోట్లాడాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. గవేరకి ఉత్తరం రాయి. నాకు కాదు, వాడికి. పైన వాడి పేరు పెట్టి రాయి. ఆ రోజు ఏమని అరిచావో, ఎందుకు అరిచావో నువ్వే చెప్పు. కాగితం మీద రాస్తే నోట పలికినట్టు కాదుగా. ఆ మాత్రం చేస్తే మా అత్త నోరు మూయించగలను. లేకపోతే ఈ ఇంటి గడప నువ్వు తొక్కనక్కర్లేదు.

తబిత

*

లాయే
జూలై నెల

తబితా,

అన్నీ నామీదే వేశావు. సరే. నేనూ ఒకటి అడుగుతాను. "ఇంకొంచెం వెనక్కి. ఇంకొంచెం. కొండ మొత్తం పడాలి" అన్నది ఎవరు? నేనా? ఆ బండకి పాకుడు పట్టి ఉందని ముందే చూడాల్సింది ఎవరు? వెనక్కి వెనక్కి అని నడిపించింది నువ్వు, ఆగమన్నది నేను. ఇప్పుడు హంతకుణ్ణి నేనయ్యాను.

ఈ మాట ఇన్నాళ్ళూ రాయలేదు, నువ్వు కడుపుతో ఉన్నావని. ఇంక దాచను. మీ అత్తకి ఆ ముక్క కూడా చెప్పావా?

కాగితం మీద పేరు రాయమన్నావు. మొన్న పడవ మీద ఊరికి వెళ్ళి అమ్మని అడిగాను. "రాసినా చదివేవాడి నోట్లో నీ గొంతే కదరా పలికేది" అంది. అడిగినందుకే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడ పెద్దది. ఆవిణ్ణి నేను కాలదన్నలేను.

మీ ఆయనకి నా దండాలు చెప్పు. అంతకంటే నావల్ల కాదు.

యాకమ్

*

హోహోలా
ఆగస్టు నెల

యాకమ్,

అన్నాను. వెనక్కి అన్నాను. నా నోటితోనే అన్నాను, నువ్వు గుర్తు చెయ్యనక్కర్లేదు. గవేరకి తెలివొచ్చిన రోజే మంచం పక్కన కూచుని ఆ మాట చెప్పాను. మా అత్త ముందే చెప్పాను. ఆవిడ నన్ను కొట్టింది. నేను కొట్టించుకున్నాను. కెమెరా కన్నంలోంచి చూసేదానికి అంచు కనపడదు, నీకు కనపడింది. నేను చేసింది నేను చెప్పుకున్నాను. నువ్వు అమ్మ కొంగు వెనకాల నక్కావు.

కాలు తీసేశారు. పోయినవారం కుళ్ళు పట్టింది, మోకాలి కిందికి కోసేశారు. మత్తు దిగాక వాడు నన్ను చూసి నవ్వబోయాడు. "క్లచ్చి కాలు పోయిందే తబితా. ఇంక నాకు మిగిలింది ఉరకడమో ఆగిపోవడమో" అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రందాకా ఇటు తిరగలేదు.

ఇవాళ నన్ను అడిగాడు. "మీ అన్నకి నామీద ఏమైనా కోపమా? ఒక్క ముక్క రాయలేదు" అని. కోపం ఏమిటి, గౌరవం అని చెప్పాను. వాడు అదోలా చూశాడు. నిన్ను గౌరవించేవాళ్ళు నిన్ను చూడ్డానికి రారు, నిన్ను పిలవరు, నీ పేరు రాయరు అని చెబితే ఎవడైనా అలాగే చూస్తాడు.

నాకు పుట్టేది మగపిల్లాడైతే ఏం పేరు పెడతానో విను. గవేర. మా అత్త తన తండ్రి పేరు పెట్టాలంటోంది. నేను ఒప్పుకోను. తండ్రి పేరే కొడుక్కి పెడతాను. మన తీరంలో మేనల్లుడికి తొలి ముద్ద పెట్టేది మేనమామ, పేరు పెట్టి పిలిచి మరీ పెట్టాలి. అప్పుడు ఏమని పిలుస్తావో నేనూ చూస్తాను. ఒక ఇంట్లో ఇద్దరు గవేరలు తిరుగుతుంటే నీ గౌరవాన్ని ఎక్కడ దాస్తావో చూస్తాను.

తబిత

*

లాయే
నవంబరు నెల

తబితా,

మగపిల్లాడని, అన్నంత పనీ చేశావని తెలిసింది. నన్ను చెప్పుతో కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

నామీద కక్షకి పసివాడి పేరు అడ్డం పెట్టావు. నా ఒక్కగానొక్క చెల్లెలి కొడుకు, నేను నోరారా పిలవలేను. అమ్మ కూడా పిలవలేదు. అల్లుడి పేరు ఆవిడా ఎత్తకూడదు కదా. ఆ ముసలావిడ ఏం పాపం చేసింది? మనవడు పుట్టాడని ఊరంతా తిరిగి చెబుతోంది. పేరేంటని అడిగితే "హోహోలావాడు" అంటోంది. జనం నవ్వుతున్నారు. ఆవిడ కూడా వాళ్ళతో కలిసి నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చింది.

కాలు సంగతి విన్న రోజు మిల్లులో పని చెయ్యలేకపోయాను. అది నీకు చెప్పినా నమ్మవు, కాబట్టి చెప్పను.

నీ గడప తొక్కొద్దన్నావు. తొక్కుతాను. తొలి ముద్ద వేళకి కాకపోయినా, వీలు దొరికినప్పుడు వస్తాను. మేనమామని నేను. వాణ్ణి చిన్నోడా అంటాను, నల్లోడా అంటాను, నా ఇష్టమొచ్చినట్టు అంటాను. నువ్వు తలుపు వేసుకుంటే బయట కూచుంటాను. అది నాకు అలవాటే.

యాకమ్

*

హోహోలా
జూలై నెల

అన్నయ్యా,

నువ్వు వచ్చావు. నేను తలుపు వేయలేదు. మూడు రోజులు మా ఇంట్లో ఉన్నావు. గవేర ఎదురుగా కూచుని ఒకే సున్నం డబ్బా పంచుకుని వక్క తిన్నావు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని చిన్నోడా, నల్లోడా, డ్రైవరు గారూ అన్నావు. వాడు దేనికీ పలకలేదు. వాడికి తన పేరు తెలుసు. ఆ కొండ మాట నువ్వు ఎత్తలేదు, గవేరా ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది, అయినా ఊరుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నీకు తెలిసిందే. కానీ నువ్వు సగంలో పారిపోయావు, మిగతా సగం నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

నేను కుళాయి దగ్గర ఉన్నాను. పెరట్లో చేమదుంపల కుండ ఉడుకుతోంది. పిల్లాడు పాకుతూ పొయ్యి దగ్గరికి వెళ్ళి, కుండ మీద కప్పిన గుడ్డ కొస పట్టుకున్నాడు. గవేర కుర్చీలో ఉన్నాడు, చంకకర్రలు గోడకి ఆనించి ఉన్నాయి, లేచేలోగా అయిపోయేది. నువ్వు మామిడిచెట్టు కింద ఉన్నావు.

"గవేరా!" అన్నావు.

ఎంత గట్టిగా అన్నావంటే పక్కింటి కుక్క లేచి మొరిగింది. పిల్లాడు గుడ్డ వదిలేసి చతికిలబడ్డాడు. నీవైపు తిరిగి చూశాడు. కుర్చీలోంచి గవేర కూడా "ఆఁ?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే నీవైపు చూశారు.

నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావు. వక్క ఉమ్మేశావు. సంచి తీసుకుని గేటు దాటి పోయావు. ఇక్కడిదాకా నీకు తెలుసు.

నేను పరుగెత్తుకొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకున్నాను. వాడికి ఏమీ కాలేదు. మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు చూస్తోంది. ఏడాదిగా ఆవిడకి నేను చెప్పింది ఒకటే మాట కదా. కావాలన్నా రాదు, ప్రాణం మీదికి వచ్చినా రాదు అని. ఆవిడ మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

గవేర గేటువైపు చూస్తూ అన్నాడు. "మీ అన్నకి నా పేరు పలకడం వచ్చునే తబితా."

నేనేం చెప్పను, చెప్పు? పిల్లాణ్ణి కాపాడావు. నీ కాళ్ళకి దండం పెట్టాలనిపిస్తోంది. అంత తేలిగ్గా నోట్లోంచి ఊడిపడే పేరుని ఆ రోజు ఎందుకు మింగావురా అని నిన్ను నిలబెట్టి కొట్టాలనీ ఉంది. ఇన్నాళ్ళూ నీకు రాదనే అనుకుని బతికాను. రాదనుకుంటే నీమీద కోపం తెచ్చుకోవచ్చు, ఏడవచ్చు, మళ్ళీ పలకరించుకోవచ్చు. వచ్చునని తెలిశాక నిన్ను ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

తబిత

*

లాయే
ఆగస్టు నెల

చెల్లీ,

పంది కోశాను. నువ్వు అడగకముందే చెబుతున్నాను. ఊరికి వెళ్ళి, ఏం జరిగిందో, ఎవరి పేరు నోట వచ్చిందో పెద్దల ముందు చెప్పాను. అమ్మ ముఖం కప్పుకుంది. పిల్లాడి కోసం అన్నానని ఎవరో సర్దిచెప్పబోయారు. పిల్లాడిదైనా తండ్రిదైనా పేరు పేరే అన్నారు మిగతావాళ్ళు. కోశాను. అందరూ తిన్నారు. మళ్ళీ నన్ను పక్కన కూచోబెట్టుకున్నారు.

పేరు పలికిన తప్పుకి పంది కోస్తే చాలట. పలకని తప్పుకి ఏం కోయాలో అడిగాను. అలాంటి తప్పు మన దగ్గర లేదట.

ఈ ఉత్తరం మీ ఆయనకి చదివి వినిపించు. వద్దనుకుంటే చించెయ్యి.

యాకమ్

*

హోహోలా
సెప్టెంబరు నెల

యాకమ్,

నేను గవేరని. మీ భాషలో రాయడం నాకు సరిగ్గా రాదు, తబిత పక్కన కూచుని మాటలు అందిస్తోంది. కోపం మాత్రం నాదే.

పంది కోశావట. ఎవరిని అడిగి కోశావు? నా పేరు పలకడం తప్పని నేనెప్పుడైనా అన్నానా? మా తాత ఇచ్చిన పేరు అది. సంతలో చేపలమ్మేవాళ్ళు పిలుస్తారు, బస్సులో ఎక్కినవాళ్ళు పిలిచేవాళ్ళు, ఆస్పత్రిలో నేల తుడిచేవాడు కూడా పిలిచాడు. నువ్వొక్కడివే దాన్ని నిప్పు ముట్టుకున్నట్టు చూశావు. గౌరవమని మీ చెల్లెలు అంటుంది. ఉండొచ్చు. ఆ గౌరవం నాకు కాలు లేకుండా చేసింది, నాకొద్దు.

ఆ రోజు నువ్వు ఆపావని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. నువ్వు తంబూ అంటే నన్ను దగ్గరికి తీసుకుంటున్నావనుకునేవాణ్ణి. నీకు చోటివ్వడానికే జరిగాను. అది తలుచుకుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ మండుతుంది. కాలు పోయినందుక్కూడా అంత మండదు.

మా అమ్మ నిన్ను రానివ్వొద్దంటోంది. మీ చెల్లెలు రమ్మనీ అనదు, వద్దనీ అనదు, ఉల్లిపాయలు తరిగే వంకతో ఏడుస్తుంది. నేను చెప్పేది విను. నువ్వు రా. వచ్చి గేటు దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి పిలువు. వీధి చివరిదాకా వినపడాలి. ఇద్దరం పలుకుతాం. ముందు చిన్నవాడే వస్తాడు, ఈమధ్య వాడు నాకంటే బాగా నడుస్తున్నాడు. నేను వచ్చేదాకా అక్కడే నిలబడు, మళ్ళీ పారిపోకు.

తంబూ అని పిలిచావో, కర్ర తీసుకుని లేవను. ఎంత అరిచినా లేవను.

గవేర